ఎగువింటి నీళ్ళు

ఎగువింటి అవ్వ పోయిందని మా సందు చివరి ఇంట్లో ఉండే షాహీన్ ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను జమ్మలమడుగులో బడి ముగించుకుని ప్రొద్దుటూరు బస్సులో వస్తున్నాను. "అక్కా, అవ్వ పోయినాదక్కా. అన్నం తిని గోడకు ఆనుకోని కూచున్న్యాదంట. అంతే," అని ఫోన్ పెట్టేసింది. నా ముఖం చూసి పక్క సీట్లో పెద్దాయన "ఎవురమ్మా పోయింది, మీకేం కావల్ల?" అని అడిగాడు. చుట్టరికం లేదు. కులమూ ఒకటి కాదు. మా సందు మురుగు లైనుకు ఆమె పెద్దదిక్కు అంటే ఆయన నవ్వుతాడు. "మా అవ్వ," అన్నాను.

ఇది మురుగునీళ్ళ సంగతి. ముక్కు మూసుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను. అవ్వ మాత్రం ఊరుకునేది కాదు. "మన ఇంట్లోనుంచి పోయిందే గదమ్మే, గడప దాటేసరికి అంత అసియ్యమైపోయిందా?" అని నిలదీసేది.

మాది ప్రొద్దుటూరులో వాలుగా దిగే ఒక ఇరుకు సందు. ఆరిళ్ళు. ఆరిళ్ళకూ కలిపి నేల కింద ఒకటే పైపు లైను. ఎగువ చివర అవ్వ ఇల్లు, నడిమిన మాది, దిగువ చివర షాహీన్ అద్దెకుండే ఇల్లు. అందరి స్నానాల నీళ్ళూ, బట్టల నీళ్ళూ, అంట్ల నీళ్ళూ కిందికే దిగి, షాహీన్ ఇంటి ముందున్న చాంబరు దాటి పెద్దవీధి మోరీలో కలుస్తాయి. లైనుకు ఎక్కడ అడ్డం పడినా నీళ్ళు పైకి తేలేది మాత్రం దిగువింటి బాత్రూములోనే. ఎగువన ఉన్న మాకు ఆ సంగతే తెలియదు. మా తూములో నీళ్ళు గిర్రున తిరిగి కిందికి పోతూనే ఉంటాయి. పోయాయి కదా అని మేము తువ్వాలు చుట్టుకుని బయటికి వచ్చేస్తాం.

అవ్వది సింహాద్రిపురం పక్క పల్లె. వయసులో ఉన్నన్నాళ్ళూ చీనీ తోటలో బత్తాయి చెట్లకు నీళ్ళు కట్టిన మనిషి. కొడుకు ప్రొద్దుటూరులో అంగడి పెట్టుకున్నాక ఇక్కడికి వచ్చింది గానీ చూపు మాత్రం కాలువ గట్టు మీదే ఉండిపోయింది. మాకు కనబడేవి ఇళ్ళు, గేట్లు, బండ్లు. ఆమెకు కనబడేది వాలు. వాన పడితే నీళ్ళు ఎటు పోతాయి, ఎక్కడ నిలబడతాయి, ఎవరి గడప తడుస్తుంది. కొత్తగా కాపురానికొచ్చిన నన్ను మొదటిసారి చూసినప్పుడు పేరు అడగలేదు. "మీ అమ్మగారింట్లో నీళ్ళు ఎట్ల పోతాయి, తూర్పుకా ఉత్తరానికా?" అని అడిగింది. ఇరవై రెండేళ్ళు పుట్టి పెరిగిన ఇల్లు, నాకు తెలియలేదు. ఆమెకు అది పెద్ద వింత.

రోజూ సాయంత్రం కొంగు నడుముకు దోపుకుని, చేతిలో ఒక ఇనుప చువ్వతో సందంతా దిగి వచ్చేది. ప్రతి ఇంటి ముందూ చాంబరు మూతను చువ్వతో లేవనెత్తి లోపలికి చూసేది. ఆ చూడ్డంలోనే మా ఇళ్ళ గుట్టు తెలిసేది. "ఏమ్మే, ఈ పొద్దు టీపొడి ఇడిసినావే? కరేపాకు చెట్టు మొదట్లో ఎయ్యల్లని ఎన్నితూర్లు చెప్పల్ల?" "ఎవురిదిరా ఈ జుట్టు ఉండ? దువ్వుకున్యాక చేత్తో తీసి పారేయలేరా?" సంగటి గిన్నె నానబెట్టి కడిగితే ఆ అడుగంటినదంతా గీకి కుక్కకు వేయాలి, తూములోకి వదలకూడదు. నూనె కాగితంతో తుడవాలి. లైనులోకి నీళ్ళు తప్ప ఇంకేదీ పోకూడదు, మిగిలిందంతా చేత్తో తీసుకోవాల్సిందే. మాలో కొందరికి ఈ తనిఖీ నచ్చేది కాదు. ఆమె వస్తుంటే తలుపులు వేసుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆమె తలుపు తట్టేది కాదు. మూత ఎత్తి, చూసి, మళ్ళీ సరిగ్గా పెట్టి పోయేది.

ఒకసారి నేనే విసుక్కున్నాను. "అవ్వా, మా గేటు దాటినాక ఆ పైపు సంగతి మాకెందుకు?" అన్నాను. ఆమెకు కోపం రాలేదు. "నీ ఇల్లు యాడ అయిపోతాదో తెలుసునా నీకు?" అంది. గేటు చూపించాను. తల అడ్డంగా ఊపింది. "నీ నీళ్ళు యాడిదాకా పోతాయో ఆడిదాకా నీ ఇల్లే," అని చువ్వ తీసుకుని పక్కింటి మూత దగ్గరికి పోయింది. నేను లోపలికి వచ్చి మా ఆయనతో చెబితే ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను గానీ ఆ రాత్రి స్నానం చేస్తూ నీళ్ళు పోయే చప్పుడు కాసేపు విన్నాను.

అదంతా మాట. ఆ మాటను ఆమె ఎంత దూరం నమ్ముతుందో కొన్నేళ్ళ కిందట బళ్ళు తెరిచిన రోజుల్లో మా కళ్ళారా చూశాం.

షాహీన్ భర్త కువైట్‌లో డ్రైవరు. ఇక్కడ ఆమె ఇద్దరు పిల్లలతో ఉంటూ ఇంట్లోనే బిర్యానీ, కుష్కా వండి ఆర్డర్ల మీద ఇస్తుంది. ఆమె డేగిసా మూత తీస్తే మా సందు మొత్తానికి ఆకలేస్తుంది. అలాంటి ఇంట్లో ఒకరోజు బాత్రూము తూములోనుంచి నీళ్ళు పైకి తన్నాయి. ఎత్తి పోసిన కొద్దీ వచ్చాయి. వంటిల్లు దాకా వచ్చాయి. పులివెందులలో ఉండే ఇంటి ఓనరుకు ఫోన్ చేస్తే ఆయన వచ్చి, బాత్రూము చూసి, వంటింట్లో డేగిసాలు చూసి తీర్పు చెప్పేశాడు.

"డేగిసాలకొద్దీ నూనె ఇడుస్తే లైను యాడ నిలబడతాది? నెలాఖరుకు ఖాళీ జెయ్యి."

"నూనె నేనెందుకు పోస్తాన్నా? మిగిలింది మల్లా తాలింపుకు వాడుకుంటా గదా," అని షాహీన్ అంటూనే ఉంది. ఆయన వినలేదు. మా సందులోనూ ఆయన మాటే నిజమని తలలూపినవాళ్ళు ఎక్కువ. నూనె, మసాలా, వంట, అన్నీ కలిసి వచ్చాయి కదా. ఆ ఇల్లు పోతే ఆమెకు వంటిల్లు పోతుంది. చుట్టుపక్కల నాలుగు వీధులవాళ్ళే ఆమెకు ఆర్డర్లు ఇచ్చేది. పిల్లల బడి కూతవేటు దూరం. ఇంకో చోట, మొగుడు ఊర్లో లేని ఆడమనిషికి, అందులోనూ పెద్ద పొయ్యి పెట్టుకునే మనిషికి ఇల్లు ఇచ్చేవాళ్ళు ఎవరు?

గొడవ విని అవ్వ దిగి వచ్చింది. కొంగు దోపుకుని నేరుగా షాహీన్ బాత్రూములోకి పోయి, మడమల దాకా వచ్చిన ఆ నీళ్ళలో నిలబడి కాసేపు చూసింది. నేను గుమ్మం దగ్గర ఉన్నాను.

"పాపా, నువ్వు ఈ పొద్దు తానం జేసినావా?"

"లేదవ్వా. పొద్దన్నుంచి ఎత్తి పోస్తానే ఉండా."

"మరి ఈ నురగ ఎవురిది?"

నీళ్ళ మీద తెల్లగా సబ్బు నురగ తేలుతోంది. మంచి వాసన కూడా వస్తోంది. "మనం పోసుకుంటాండాం. ఈ పాప ఎత్తి పోస్తాంది," అంది అవ్వ, ఓనరు వైపు కాకుండా మా వైపు చూసి. ఆ తడికాళ్ళతోనే పైకి వెళ్ళిపోయింది.

ఇంటికి పోయి ఆమె చేసిన పని ఏమిటంటే, పాత చీర పేలిక ఉండలా చుట్టి తన బాత్రూము తూములో కుక్కి, దాని మీద ఇటుక పెట్టింది. వంటింటి సింకుకూ అంతే. మరుసటి రోజు పొద్దున్న నేను బడికి బయల్దేరుతుంటే, ఎనభై దగ్గరపడిన ఆ మనిషి స్నానం చేసిన నీళ్ళు బక్కెట్లో పట్టుకుని మా ఇంటి ముందుగా దిగుతోంది. నాలుగడుగులకొకసారి బక్కెట్ కింద పెట్టి, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఎత్తుకుని పెద్దవీధి మోరీ దాకా పోయి కుమ్మరించి వచ్చింది. వెనకాలే కొడుకు తల గోక్కుంటూ వచ్చాడు.

"మా, ఏంది ఈ పని? నలుగురూ సూస్తాండారు. బక్కెట్ నాకన్నా ఇయ్యి."

"నీది నువ్వు తెచ్చుకోపో నాయనా. నేను మడవ కట్టినా."

మడవ అంటే మా పక్క పొలాల్లో కాలువ నుంచి నీళ్ళు పాదులోకి వదిలే చిన్న గండి. నీళ్ళు చాలనుకుంటే పారతో ఇంత మన్ను వేసి కట్టేస్తారు. కొడుకుకు ఆ మాట తెలుసు. తెలిసినవాడు కాబట్టే బక్కెట్ కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "దిగువన గట్టు తెగితాంటే ఎగువన నీళ్ళు ఇడుస్తారా ఎవురన్నా? మీ నాయన బతికుంటే ఈ మాట నీకు నేను చెప్పాల్సి వచ్చేదా?" అని ఆమె ఖాళీ బక్కెట్ ఊపుకుంటూ ఎక్కిపోయింది.

మరుసటి రోజు నేనూ బక్కెట్ పట్టుకున్నాను. మా ఆయన ముందు సణిగాడు, తర్వాత నా చేతిలోది లాక్కుని తనే మోశాడు. తర్వాత పక్కిల్లు, ఎదురిల్లు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఎనభై ఏళ్ళ మనిషి మన గేటు ముందు ఆగి ఆయాసం తీర్చుకుంటుంటే లోపల షవర్ తిప్పుకోవడానికి ఎంత మొండివాడికైనా చెయ్యి రాదు. పొద్దున పూట మా సందు జాతరలా ఉండేది. ఎవరింట్లో ఎన్ని నీళ్ళు వాడతారో అందరికీ బయటపడిపోయింది. రెండు షవర్లున్న ఇంటాయన పాపం అందరికంటే ఎక్కువ మోశాడు. ప్లంబరుకు అందరికంటే ముందు ఫోన్ చేసిందీ ఆయనే.

ప్లంబరు వచ్చి వెదురు బద్దలు దోపాడు. అవి లోపల దేనికో తగిలి ఆగిపోయాయి. చాంబరులోకి దిగి చేత్తో చూస్తానని చొక్కా విప్పబోయాడు. అవ్వ చువ్వ అడ్డం పెట్టింది. "వద్దు నాయనా. నా చెయ్యి పెట్టలేని చోట ఇంకోని చెయ్యి పెట్టనియ్యను. తవ్వు. పైపునే బయటికి తియ్యి," అంది. రోడ్డు తవ్వితే శ్రమ, మట్టి, ఆలస్యం. అయినా ఆమె అన్నదే జరిగింది. ఆ రోజు పులివెందుల ఓనరు కూడా వచ్చాడు, నూనె గడ్డ చూసి పోదామని.

పైపు ముక్క బయటికి తీసి కోశారు. లోపల నూనె లేదు. బూడిద రంగులో గట్టి రాయి. పైపు నిండా, పైపు ఆకారంలోనే పేరుకుని ఉంది. ప్లంబరు సుత్తితో కొడితే ఖంగుమంది. "ఎవురో సిమెంటు నీళ్ళు ఇడిసినట్టుండారు. ఎవురిదని చెప్పలేం," అన్నాడు.

ఆ మాట వినగానే మా అందరికీ ప్రాణం తేలికపడింది. షాహీన్ మీద నింద పోయింది. ఎవరిదని చెప్పలేం కాబట్టి ఇంకెవరి మీదా పడలేదు. ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక పని జరిగే ఉంటుంది. షాహీన్ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఓనరు గొంతు సవరించుకున్నాడు. ఇక ఇళ్ళకు పోవడమే తరువాయి.

అవ్వ పోలేదు. కింద కూర్చుని ఆ రాతిలోనుంచి ఒక పెచ్చు ఊడదీసి, బక్కెట్ నీళ్ళలో ముంచి, మెట్టు మీద వేసి గంధం తీసినట్టు అరగదీసింది. నల్లగా, చిక్కగా వచ్చింది. ఆ నలుపు వేలికి అంటించుకుని వెలుగులో చూసింది. కొడుకు ముందుకు వచ్చి, "మా, పోనీలే. అయిపోయింది గదా, ఇంటికి పోదాం రా," అన్నాడు.

"ఇది సిమెంటు గాదు. బండల పాలిష్ పట్టిన బురద," అంది అవ్వ, అందరికీ వినబడేటట్టు. "ఈ సందులో అందరివీ టైల్సే. నల్లబండలు మా ఒక్కరివే. నేను మా ఊర్లో ఉన్నప్పుడు పాలిష్ పట్టించినారు. ఆ బురద గోతాలకెత్తి బయట పారేయకుండా తూములోకి నెట్టినారు. అది ఇంత దూరం వచ్చి ఈ పాప గడప ముందు గట్టిపడినాది."

కొడుకు తల వంచుకున్నాడు. ఆమె మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి షాహీన్ దగ్గరికి పోయింది. "పాపా, నీ మీద పడిన మాట నా మీద పడాల్సింది. ఇది మా ఇంటి బురద." అక్కడినుంచే ఓనరు వైపు తిరిగింది. "ఖాళీ జేపియ్యాలంటే నన్ను జేపియ్యి నాయనా. ఆ పాపను గాదు."

"అట్లంటే ఎట్ల పెద్దమ్మా, మీరు పెద్దోళ్ళు," అని ఆయన నీళ్ళు నమిలాడు.

"పెద్దోళ్ళ ఇంటి బురద తియ్యగా ఉంటాదా?"

తన మీదికి ఎవరూ వేయని తప్పును తనంతట తాను వంగి ఎత్తుకున్న మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. ఆ తర్వాతా చూడలేదు. ఆమె ఆ పెచ్చు అరగదీసి ఉండకపోతే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. కొడుకు పరువు నిలిచేది, షాహీన్ ఇల్లూ నిలిచేదేమో. మేమంతా మంచివాళ్ళుగానే ఇళ్ళకు పోయేవాళ్ళం. ఆమె నల్లబడిన వేలు చీరకు తుడుచుకుంటూ ఎండలో నిలబడి ఉంది. నాకు దండం పెట్టాలనిపించింది. ఆమెకు అలాంటివి గిట్టవని పెట్టలేదు.

కొత్త పైపు ఆమే వేయించింది. వేశాక నీళ్ళు వదిలే వరుస కూడా ఆమే చెప్పింది. ముందు దిగువిల్లు. అక్కడ బాగా పోతున్నాయని షాహీన్ చెప్పాక దాని పైది. ఆ పైది. మా ఇంటి వంతు వచ్చేసరికి నాకు పరీక్ష రాస్తున్నట్టు గుండె కొట్టుకుంది. అన్నిటికంటే ఆఖర్న ఎగువింటి ఇటుక తీశారు. కువైట్‌లో ఉన్న షాహీన్ భర్త వీడియో కాల్‌లో చూస్తానని పట్టుబడితే, ఆమె ఫోన్‌ను చాంబరు మీద పట్టుకుంది. అంత దూరాన ఎండలో బండి ఆపుకుని ఆ మనిషి మా మురుగు పోవడం కళ్ళార్పకుండా చూశాడు. "పోయినాయి నాయనా, నిమ్మళంగా ఉండు," అని అవ్వ ఫోన్‌లోకి వంగి అరిచింది. నెలాఖరు వచ్చింది, పోయింది. ఓనరు ఖాళీ మాట ఎత్తలేదు. షాహీన్ ఇప్పటికీ అదే ఇంట్లో వండుతోంది.

కడపటి రెండేళ్ళు అవ్వకు మోకాళ్ళు సహకరించలేదు. దిగి రాలేక తన గేటు మెట్టు మీదే కూర్చుని, సందులో ఎక్కి వచ్చే ప్రతి ఒక్కరినీ "కింద పోతాండాయా?" అని అడిగేది. పోతాండాయవ్వా అని చెప్పి మేము ముందుకు నడిచేవాళ్ళం. ఊరినుంచి వచ్చిన మా తమ్ముడు అది విని, మీ సందులో పలకరింపులు ఇట్లుంటాయా అని విస్తుపోయాడు. అలవాటయితే బాగానే ఉంటుందని చెప్పాను.

పోయిన మరునాడు, సూర్యుడు నడినెత్తిన ఉండగా ఆమెను తీసుకుపోయారు. మగవాళ్ళంతా వెంట వెళ్ళారు. శవం గడప దాటాక ఇల్లు కడగాలి. అవ్వ కోడలు, నేను, షాహీన్, ఇంకో ఇద్దరు కలిసి హాల్లో రాలిన పూలూ బొరుగులూ చేత్తో ఏరి గంపలోకి ఎత్తాం. బిందెలు, బక్కెట్లు, డ్రమ్ము, అన్నీ నింపి పెట్టారు. ఆ నల్లబండల హాలూ, గదులూ, వరండా, మొత్తం ఇంటికి సరిపడా నీళ్ళు. కోడలు మొదటి బిందె ఎత్తి, పోయకుండా ఆగిపోయింది.

"ఇన్ని నీళ్ళు ఒక్కసారి ఇడుస్తే కింద ఎట్లుంటాదో ఏమో," అంది.

ఏడ్చి ఏడ్చి షాహీన్ ముఖం ఉబ్బిపోయి ఉంది. కళ్ళు తుడుచుకుని లేచింది.

"ఎన్నయినా పొయ్యండక్కా. అవ్వ ఇంటి నీళ్ళు గదా. నేను కింద నిలబడతా."

చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలో సందు దిగి పోయింది. మేము పోయడం మొదలుపెట్టాం. రెండు బక్కెట్లు పోశాక నేనూ ఆగలేక ఆమె వెనకాలే దిగాను. తన ఇంటి ముందు చాంబరు మూత పక్కకు లాగి, చున్నీ అంచు పిడికిట్లో పట్టుకుని, తల వంచి లోపలికి చూస్తోంది. ఎగువింటి నీళ్ళు వచ్చాయి. ఆమె పాదాల కిందుగా, ఎక్కడా తడబడకుండా మోరీలోకి పోయాయి. అవన్నీ పోయేదాకా షాహీన్ మూత పెట్టలేదు.